మల్కాపురంలో మామగారి జీపు

మా మామగారు పోయి రెండేళ్లయింది. పాడేరు వైపు కాంట్రాక్టులు చేసిన రోజుల్లో ఆయన కొన్న మహీంద్రా జీపు మాత్రం మా పెరట్లో చింతచెట్టు కింద దర్జాగా మకాం పెట్టింది. పాత ఇనుముకి వేసేద్దామని నేననడం, మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకోవడం మామూలయిపోయింది. చివరికి రాజీ కుదిరింది. బండి బాగుచేయించి, వచ్చే ఆదివారం పిల్లలతో సహా అందరం పాడేరు మీదుగా వంజంగి కొండకి వెళ్లాలి. మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని మల్కాపురం తోలుకుపోయాను.

విశాఖపట్నం వచ్చిన చుట్టాలెవరూ మల్కాపురం చూస్తామనరు. వాళ్లకి బీచి ఉంది, సింహాచలం ఉంది. మల్కాపురంలో ఉన్నదల్లా పని. 1948లో నెహ్రూగారు ‘జల ఉష’ ఓడను నీళ్లలోకి వదిలిన షిప్‌యార్డు ఆ దగ్గరే. 1957లో కాల్టెక్సు వారు మొదలుపెట్టిన నూనె శుద్ధి కర్మాగారం, ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం వారిది, అదీ పక్కనే. షిఫ్టు వదిలాక రోడ్డు దాటడానికి సాహసం కావాలి. ఇంతమంది ఇనుముతో కాపరం చేసే చోట జీపు నాడి తెలిసిన మేస్త్రీ దొరకడం వింతేమీ కాదు.

రేకుల షెడ్డు, ముందర వేపచెట్టు. మా వాడు ఫోను తీసి బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు. చెవులదాకా టైర్లు, గజమెత్తు లేచిన బాడీ, నెత్తిమీద నాలుగు దీపాలు. మేస్త్రీ టీ తాగడం పూర్తిచేసి అడిగాడు.

“ఏటి బాబూ, గెడ్డలు దాటడానికా, ఫొటోలు తీయించుకోడానికా?”

తరవాత ఓపిగ్గా చెప్పాడు. ఎత్తు పెంచితే బరువు పైకి పోయి, పక్కవాలు మీద బండి త్వరగా బోర్లాపడుతుందట. పెద్ద టైరు తిప్పడానికి క్లచ్చీ, ఆపడానికి బ్రేకూ నానా అవస్థ పడతాయట. అసలు వేగం కన్నా మీటరు తక్కువ చూపిస్తుందట కూడాను! ఆపైన చట్టం ఒకటుంది. కంపెనీ వారిచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. మా వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు గాని, ముఖం మాత్రం ముడుచుకునే ఉంది.

మేస్త్రీ బండి కిందికి దూరాడు. కాసేపటికి, “బాబూ, ఓపాలి రండి” అని పిలిచాడు. తలవంచి చూశాను. వెనకచక్రానికి పోయే బ్రేకు గొట్టాన్ని గోటితో గీకాడు. తుప్పు పొరలు పొరలుగా రాలింది. గట్టిగా వంచేసరికి పుటుక్కున తెగి చేతికొచ్చింది. సముద్రపుగాలికి ఉప్పంటి, లోలోపలే తినేసిందన్నమాట.

“దీన్నేసుకుని ఘాటీ దిగుదారనుకున్నారా?”

నాకు మాట రాలేదు. ఆదివారం ఆ బండిలో ఎనిమిదిమందిమి, అందులో నలుగురు పసివాళ్లు.

నాలుగు రోజులు పట్టింది. గొట్టాలన్నీ కొత్తవి, కమానుల బుష్షులు కొత్తవి, టైర్లు పాత కొలతకే. ముందు యాక్సిల్ నూనె విప్పితే మజ్జిగలా తెల్లగా కారింది. ఎప్పుడో మామగారు దాటిన గెడ్డ నీళ్లు అందులోనే ఉండిపోయాయన్నాడు. నీళ్లలో దిగివచ్చిన ప్రతిసారీ ఆ నూనె చూడాలట, గ్రీజు కొట్టాలట, బ్రేకులు ఆరేదాకా మెల్లిగా తొక్కుతూ పోవాలట. ఇసకలో దిగితే టైర్ల గాలి కొంత తీసి, రోడ్డెక్కగానే మళ్లీ కొట్టించాలి. బీచికి పోయొస్తే అడుగుభాగం మంచినీళ్లతో కడగాలి. మా ఆవిడ నాకింత సేవ చేసిన జ్ఞాపకం లేదు!

పరీక్షకి యారాడ కొండదారి పట్టించాడు. ఎక్కుతూంటే వెనక హార్బరు, ఓడలు, క్రేన్లు ఒక్కొక్కటే చిన్నవవుతాయి. మలుపు దాటగానే నీలంగా సముద్రం. నేను ఉత్సాహంకొద్దీ రెండో లీవరు మీద చెయ్యివేశాను. మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. తారురోడ్డు మీద నాలుగు చక్రాలూ కలపకూడదట. మలుపులో ముందుచక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి; బురదలో అయితే కాస్త జారి సర్దుకుంటాయి, గట్టినేల మీద ఆ పెనుగులాటంతా గేర్ల మీద పడుతుంది.

ఆదివారం మాడుగులలో హల్వా కట్టించుకుని ఘాటీ ఎక్కాం. వంజంగి దగ్గర బురదలో మాత్రం రెండో లీవరు వేశాను. బండి గునుస్తూ గునుస్తూ ఎక్కేసింది. దీపాల మాట మా వాడు మళ్లీ ఎత్తలేదు.

తిరుగుప్రయాణంలో ఘాటీ దిగబోతూంటే, దారిపొడుగునా మాట్లాడని మా అత్తగారు వెనకనించి అన్నారు.

“అల్లుడుగారూ, మీ మామయ్యగారు ఇక్కడ చిన్న గేరు వేసేవారు.”

“వేశానండి” అన్నాను.