టీచరమ్మ ఇల్లు ఖాళీ చేస్తోంది!

పరాయి దేశంలో ఉద్యోగానికి వెళ్లడమే పెద్ద పని అనుకుంటాం. తట్టాబుట్టా సర్దుకుని తిరిగి రావడం అంతకన్నా పెద్ద పని. నమ్మకం కలగకపోతే జులై నెలలో జపాన్‌లోని ఓ చిన్న ఊరికి వెళ్లి, అక్కడి ఇంగ్లిష్ టీచరు ఇంట్లోకి తొంగిచూడాలి!

* * *

జులై మూడో వారం. వానలు వెనకబట్టాయి. వరిచేల మీద ఎండ మండిపోతోంది. చెట్ల మీద కీచురాళ్లు ఒకటే రొద. రెండు గదుల అద్దె ఇంట్లో, గడ్డి చాపలు పరిచిన నేల మీద, అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉంది టీచరమ్మ. ఆమె పేరు ఏదైనా కావచ్చు. సొంతూరు కెనడాలో ఉండొచ్చు, ఐర్లండ్‌లో ఉండొచ్చు, న్యూజిలాండ్‌లోనైనా ఉండొచ్చు. ఏటా ఈ రోజుల్లో జపాన్ నలుమూలలా ఇలాంటి టీచర్లు వందలమంది ఇదే పనిలో తలమునకలై ఉంటారు.

బడిపిల్లలకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పడానికి విదేశీ యువతీ యువకుల్ని పిలిపించుకునే 'జెట్' పథకాన్ని జపాన్ 1987లో మొదలుపెట్టింది. ఒప్పందం ఏడాదికోసారి. అలా ఎక్కువలో ఎక్కువ అయిదేళ్లు. ఉంటారో వెళ్తారో చలికాలంలోనే చెప్పేయాలి. మంచు కురిసే రోజుల్లో 'వెళ్తాను' అని ఒక్క మాట అనేసి ఊరుకుంది టీచరమ్మ. ఆ ఒక్క మాట వెనక ఎన్ని పనులున్నాయో వేసవి వచ్చాకగానీ తెలిసిరాలేదు.

చెత్తకీ అపాయింట్‌మెంట్!

మొదటి తంటా సామానుతో. మన దగ్గర పాత ఫ్రిజ్ వదిలించుకోవాలంటే ఎంత సేపు? వీధిలో పాత సామాన్ల బండి కేక వినబడితే చాలు. బేరమాడి ఎంతో కొంత చేతిలో పెట్టి పట్టుకెళ్తాడు. అక్కడ కథ తిరగబడుతుంది. ఫ్రిజ్, టీవీ, ఏసీ, వాషింగ్ మెషీన్... ఈ నాలుగింటినీ చెత్తలో పారేయడానికి వీల్లేదు. 2001 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం వాటిని విడగొట్టి మళ్లీ వాడుకోవడానికి పంపాల్సిందే. ఆ ఖర్చు, తీసుకెళ్లే కూలి రెండూ పారేసేవాళ్లే పెట్టుకోవాలి. వస్తువూ పోయె, డబ్బూ పోయె!

మంచం, పరుపు, సైకిల్, పుస్తకాల అల్మరా లాంటివి 'పెద్ద చెత్త' కిందికి వస్తాయి. టోక్యో వార్డుల్లో అయితే సాధారణంగా ఓ వైపు 30 సెంటీమీటర్లు దాటిందంటే అది పెద్ద చెత్తే. దానికి ముందుగా ఫోన్ చేసి తేదీ తీసుకోవాలి. దుకాణానికి వెళ్లి స్టిక్కర్లు కొనాలి. వాటి మీద పేరో నంబరో రాసి అతికించి, చెప్పిన రోజు పొద్దున్నే చెప్పిన చోట పెట్టాలి. తేదీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. విమానం వెళ్లిన మర్నాటికి దొరికితే? అందుకే తెలివైనవాళ్లు నెల ముందే మొదలుపెడతారు.

మామూలు చెత్తకూ లెక్కుంది. కాలేది, కాలనిది, సీసాలు, డబ్బాలు, కాగితం... దేని రోజు దానిదే. తొకుషిమా జిల్లాలో కమికత్సు అనే చిన్న ఊరుంది. 'మా ఊళ్లో చెత్తే లేకుండా చేస్తాం' అని 2003లో ప్రకటించిన ఊరది. అక్కడ చెత్తను నలభైకి పైగా రకాలుగా విడదీస్తారు. అంత కాకపోయినా, అయిదేళ్ల సంసారాన్ని పది రకాలుగా విడదీయాలన్నా నడుం విరిగిపోతుంది.

టీచరమ్మను కాస్త ఒడ్డున పడేసేది తన తర్వాత రాబోయే కొత్త టీచరే. ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, అన్నం కుక్కర్, దుప్పట్లు అన్నీ ఆ వచ్చేవాళ్లకు అప్పగించడం ఈ టీచర్లలో చాలాచోట్ల ఉన్న అలవాటు. ఆ మాటకొస్తే తనకూ అలా వచ్చినవే సగం!

ముందుది వెనకైతే...

సామాను సంగతి అలా ఉంచితే, కాగితాలది ఇంకో రామాయణం. దేశం విడిచి వెళ్లేవాళ్లు ఊరి పురపాలక కార్యాలయంలో 'చిరునామా మారుతున్నాం' అని రాసివ్వాలి. ఫారం చిన్నదే. చిక్కల్లా అది ఎప్పుడు ఇవ్వాలన్నదే.

కారు ఉందనుకోండి. బస్సు గంటకొకటి వచ్చే పల్లెల్లో కారు లేకపోతే బడికే వెళ్లలేరు. ఆ కారును మరొకరి పేరు మీదికి మార్చాలంటే, అది చిన్న ఇంజిన్ కారు కాకపోతే, యజమాని నమోదు చేయించుకున్న ముద్ర కావాలి. అది తనదేనని పురపాలక కార్యాలయం ఇచ్చే పత్రమూ కావాలి. 2020 నుంచి సర్కారు చాలా పనుల్లో ముద్రల అవసరం తగ్గించిందిగానీ ఇలాంటివాటికి అది ఉండాల్సిందే. మరి ఆ ఊళ్లో చిరునామా రద్దయిన రోజునే ముద్ర నమోదూ రద్దవుతుంది. కారు పని తేలకముందే చిరునామా పోయిందో... ముద్ర చేతిలోనే ఉంటుంది, విలువ మాత్రం ఉండదు!

బ్యాంకు ఖాతాదీ ఇదే తీరు. దేశంలో నివాసం లేనివాళ్లకు మామూలు ఖాతా ఉంచడానికి బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. సరే, మూసేద్దామా? చివరి కరెంటు బిల్లు, చివరి ఫోన్ బిల్లు ఆ ఖాతాలోంచే పోవాలి. పోనీ ఫోన్ ముందు తీసేద్దామా? గ్యాసు మనిషి, నీళ్లవాళ్లు, పెద్ద చెత్తవాళ్లు చేసేది ఆ నంబరుకే. ఒక ముడి విప్పబోతే ఇంకో ముడి బిగుసుకుంటుంది.

వీటికి తోడు ఊరి పన్ను. జనవరి 1న ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి, అంతకుముందు ఏడాది సంపాదన మీద పన్ను కట్టాలి. అంటే ఆగస్టులో విమానం ఎక్కేవాళ్లకు కూడా జూన్‌లో నోటీసు రావచ్చు. ఇంటి యజమాని తరఫు మనిషి వచ్చి గోడ మీద మేకుల గుర్తులు లెక్కపెట్టుకుని, అడ్వాన్సులో ఎంత కోయాలో తేలుస్తాడు. చాలాచోట్ల ఇంట్లో దిగేటప్పుడు 'కృతజ్ఞత సొమ్ము' అని వేరే ఇస్తారు. అది ఎలాగూ వెనక్కి రాదు.

అయిదేళ్ల సొమ్ము

అసలు భయం పింఛను దగ్గర. నెలనెలా జీతంలోంచి కోసిన పింఛను డబ్బు ఊరికే పోదు. ఆరు నెలలకు తగ్గకుండా, పదేళ్లు నిండకుండా కట్టి దేశం విడిచినవాళ్లు దాన్ని ఒకేసారి కొంత మొత్తంగా తీసుకోవచ్చు. ఒకప్పుడు మూడేళ్ల వరకే లెక్కగట్టేవారు. 2021 ఏప్రిల్ నుంచి దాన్ని అయిదేళ్లకు పెంచారు. అయితే జపాన్‌లో చిరునామా పోయిన రెండేళ్లలోపు దరఖాస్తు చేసుకోవాలి. ఊరెళ్లి కొత్త ఉద్యోగం వేటలో పడి మర్చిపోతే అంతే సంగతులు.

ఈ చిక్కు మనవాళ్లకూ కొత్త కాదు. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ లాంటి చోట్ల మన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల కుటుంబాలున్నాయి. రెండు దేశాల మధ్య కుదిరిన సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఇక్కడి కంపెనీలు అయిదేళ్లలోపు పనికి అక్కడికి పంపే ఉద్యోగులు ఇక్కడ పీఎఫ్ కడుతుంటే చాలు, అక్కడ పింఛను కట్టక్కర్లేదు. నేరుగా అక్కడే ఉద్యోగంలో చేరినవాళ్లు మాత్రం టీచరమ్మ దారిలో వెళ్లాల్సిందే.

టీచరమ్మకు వచ్చే మొత్తంలో 20.42 శాతం ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకుంటారు. దాన్నీ చాలామంది వెనక్కి తెచ్చుకుంటారు. కానీ అందుకో మనిషి కావాలి. జపాన్‌లోనే ఉండి, ఆమె తరఫున పన్ను ఆఫీసులో కాగితాలు వేసి, వచ్చిన డబ్బు అందుకుని పంపించే మనిషి. ఆ ఫారంలో ఒక పేరు రాయాలి.

టీచరమ్మ పెన్ను అక్కడ ఆగిపోయింది. ఎవర్ని అడగాలి? పొద్దున్నుంచి రాత్రిదాకా బడి పనితోనే సతమతమయ్యే సాటి టీచర్లను ఈ పనికి తిప్పడమా? మొహమాటం మన సొత్తే అనుకుంటాంగానీ జపాన్‌లో అయిదేళ్లుంటే ఎవరికైనా అబ్బుతుంది. మూడు రోజులు ఆ కాగితం సంచిలోనే తిప్పింది. నాలుగో రోజు పక్క కుర్చీలోని ఇంగ్లిష్ టీచరమ్మే చూసి చేయి చాచింది. "ఇలా ఇవ్వండి సెన్సే. నా పేరు రాసుకోకూడదా?" అంటూ తనే రాసేసింది.

గుర్రమెక్కి వెళ్లిన మాస్టారు

పాతకాలంలో ఇన్ని తిప్పలుండేవి కావు. 1876లో అమెరికా నుంచి విలియం క్లార్క్ అనే మాస్టారు సప్పొరో వ్యవసాయ కళాశాలకు వచ్చారు. ఉన్నది ఎనిమిది నెలలే. 1877 ఏప్రిల్‌లో వెళ్లిపోతుంటే శిష్యులు గుర్రాల మీద షిమమత్సుదాకా వెంట వచ్చి సాగనంపారు. ఫ్రిజ్ లేదు, ఫోన్ బిల్లు లేదు! అయినా సప్పొరో ఇప్పటికీ ఆయన్ని మర్చిపోలేదు. హిత్సుజిగఒకా కొండ మీద చేయి చాచి నిలబడ్డ ఆయన విగ్రహం దగ్గర పర్యాటకులు ఫొటోలు తీసుకుంటూనే ఉంటారు.

ఇప్పటి టీచర్లకు విగ్రహాలు ఉండవు. మొదటి టర్ము ముగిసే రోజు బడి హాల్లో నాలుగు మాటలు, ఓ పూలగుత్తి. స్టాఫ్ రూములో అందరి బల్లల మీదా తలో మిఠాయి పెట్టి రావడం వెళ్లేవాళ్ల వంతు. పక్కింటి బామ్మగారికి చెప్పి రావాలి. ఆవిడ ఖాళీ చేతులతో పంపదు. తోటలో కాసిన దోసకాయలు సంచి నిండా పెడుతుంది. 'రేపు విమానం బామ్మగారూ' అంటే వినిపించుకుంటేగా!

చివరికి పిల్లలొచ్చారు. చదరపు అట్ట ఒకటి తెచ్చి ఇచ్చారు. మధ్యలో ఆమె బొమ్మ, చుట్టూ వంకరటింకర ఇంగ్లిష్ అక్షరాల్లో తరగతి అంతా రాసిన మాటలు. సగం స్పెల్లింగులు తప్పే. మామూలుగా అయితే ఎర్ర పెన్ను తీసేది. ఆ రోజు తీయలేదు.

విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి ఆమె నివాస కార్డు తీసుకుని దానికో చిల్లు పొడిచి తిరిగి ఇచ్చాడు. ఇక ఆ కార్డు చెల్లదు. చిరునామా లేదు, ఖాతా లేదు, ఫోన్ నంబరు లేదు. అయిదేళ్ల సంసారం రెండు పెట్టెల్లోకి వచ్చేసింది. పిల్లలిచ్చిన అట్ట మాత్రం నలిగిపోతుందని పెట్టెలో పెట్టలేదు. చేత్తోనే పట్టుకుంది.

అన్నట్టు, ఆ ఊరి పన్ను ఆఫీసులో ఓ ఫారం ఇంకా చెల్లుతోంది. ఆమె పేరు పక్కనే మరో టీచరమ్మ పేరున్న ఫారం అది!