జీనులో సీసం

గుర్రానికి ఖాందాన్ అడగరని మీరనుకుంటారు. అడుగుతారు. మలక్‌పేటలో పందేల రోజున రేసు పుస్తకం తెరిచి చూడండి. ప్రతి గుర్రం పేరు దగ్గర దాని తండ్రి పేరు, తల్లి పేరు, ఆ తల్లిని కన్న తండ్రి పేరు కూడా ఉంటాయి. మా బడి రిజిస్టర్లలో మా గురించి అంత వివరం ఎన్నడూ లేదు. కానీ ఆ వంశం ముచ్చటంతా గుర్రం పరుగెత్తనంత వరకే. కొన్ని పరుగులు తీశాక దాని పేరు పక్కన ఒక అంకె వచ్చి కూర్చుంటుంది. దాన్నే రేటింగు అంటారు. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. అప్పట్నుంచీ అడిగేది ఆ అంకెనే. తండ్రి ఎవరో ఎవరికీ పట్టదు.

మాకూ రేటింగు ఉంది. పేరు చెప్పగానే వేసేస్తారు. అద్దె ఇంటికి వెళ్లి గుమ్మంలో పేరు చెప్పి చూడండి, ఎంత వేశారో ఆ ముఖంలోనే తెలిసిపోతుంది. తేడా ఏమంటే, మేమెన్ని పరుగులు తీసినా దాన్ని ఎవరూ తిరగరాయరు. అందుకే గుర్రాలకు అంకె కట్టే పద్ధతులంటే మాకు చిన్నప్పట్నుంచీ ఈర్ష్య. ఈర్ష్యతోనే నేర్చుకున్నాం.

మేమంటే ఎవరమో చెప్పాలి కదా. హైదరాబాదు ముస్లిం అనగానే మీకు షేర్వానీ, నవాబు, బిర్యానీ గుర్తొస్తాయి. మేం నవాబు గుర్రాన్ని కడిగినవాళ్లం. సయీసుల పిల్లలం, నాలు కొట్టేవాళ్ల పిల్లలం, గడ్డిమోపులు మోసినవాళ్ల పిల్లలం. 1868లో మౌలాలీలో మొదలైన పందేలు 1886లో మలక్‌పేటకు వచ్చాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం అది. తర్వాత నవాబులు పోయారు. గుర్రాలున్నాయి, లద్దె ఎత్తే పనీ ఉంది.

ఆ పందెపు గుర్రాన్ని శుద్ధజాతి అంటారు. ఎంత శుద్ధమో వినండి. లోకంలో ఏ రేసు గుర్రాన్ని పట్టుకున్నా మగవైపు వంశం మూడంటే మూడు గుర్రాల దగ్గరికి పోయి ఆగుతుంది. బైర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గాడాల్ఫిన్ అరేబియన్. మూడూ తూర్పు నుంచి ఇంగ్లండు చేరినవే. అందులో డార్లీ అరేబియన్ని 1704లో సిరియాలోని అలెప్పోలో కొన్నారు. అక్కడి నాటు గుర్రాలతో కలిపి, సంకరం చేసి, 1791లో జనరల్ స్టడ్ బుక్ అని ఒక వంశావళి అచ్చువేసి, ఇక ఇది శుద్ధం అన్నారు. కలిసినవాళ్లే తలుపు వేసుకుని శుద్ధమైపోవడం మనుషుల్లోనూ చూస్తున్నాం. మీరు తెలుగనుకుని వాడే జీను ఫారసీ మాట. లగాము, సవారీ, చాబుకు కూడా అంతే. వాటినెవరూ కాగితాలు చూపించమనలేదు.

సరే, రేటింగు సంగతికొద్దాం. మా గల్లీలో రెండు రకాల ఇల్మ్ ఉండేది. ఒకటి కంటిది, ఒకటి కాగితానిది.

కంటిది దాదాది. ఆయనకు అక్షరం రాదు. పందేనికి ముందు గుర్రాల్ని గుండ్రంగా తిప్పే చోట కంచె పట్టుకుని నిలబడేవాడు. "నాం నక్కో దేఖ్ బేటా, పాంవ్ దేఖ్" అనేవాడు. పేరు చూడకు, కాళ్లు చూడు. నడకలో వెనక కాలు ముందుకాలి అడుగు దాటి పడుతోందా? తొడ వెనక కండ బిగిసి ఉందా? ఎండ లేకుండానే తొడల మధ్య నురగలా చెమట పడితే ఆ గుర్రం పందెం అక్కడే ఖర్చు పెట్టేసుకుంటోందని లెక్క. చెవులు వెనక్కి అంటుకుపోతే దానికి ఇష్టం లేదు. బొచ్చు నిగనిగలాడితే లోపల బాగుంది. కాళ్లకు కొత్తగా పట్టీలు కనిపిస్తే ఎందుకో కనుక్కో. ఇవి అచ్చులో ఉండవు. రాత్రంతా గుర్రం కాలు చేత్తో తడిమి వేడి ఎక్కడుందో కనిపెట్టేవాడి దగ్గర ఉంటాయి. ఆ కబురు సయీసు దగ్గర చాయ్ ధరకు దొరుకుతుంది. విన్నవాడు దాంతో వేలు పందెం కాస్తాడు. సయీసు జీతం మాత్రం పెరగదు.

కాగితం ఇల్మ్ అబ్బాది. ఆయన ఉర్దూ చదివేవాడు, రేసు పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. అంకెలు మేం చదివి పెట్టేవాళ్లం. మా ఇంట్లో ఇంగ్లీషు ప్రవేశించింది ఆ దారిన. కూడికలు, తీసివేతలు కూడా బడికంటే ముందు అక్కడే వచ్చాయి.

ఆ లెక్క ఇట్లా ఉంటుంది. మన దేశంలో మామూలు పందేలు హ్యాండిక్యాప్ పద్ధతిలో జరుగుతాయి. గుర్రాల్ని రేటింగును బట్టి తరగతులు చేస్తారు. ఒకే తరగతిలో ఎక్కువ రేటింగు ఉన్నదానికి ఎక్కువ బరువు, తక్కువదానికి తక్కువ. ఒక పాయింటుకు అర కిలో. జాకీ బరువు చాలకపోతే జీను సంచుల్లో సీసం బిళ్లలు పెట్టి తూకం సరిచేస్తారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటాలన్నది హ్యాండిక్యాపర్ కల. ఆ కల ఎక్కడ చెదిరిందో వెతకడమే రేటింగు కట్టేవాడి పని.

ఒక లెక్క చేద్దాం. 1200 మీటర్ల పందెంలో ఒక గుర్రం 60 కిలోలు మోసి గెలిచింది. రెండోది 54 కిలోలు మోసి, రెండు గుర్రాల పొడవు వెనక వచ్చింది. ఆ దూరంలో ఒక గుర్రం పొడవును సుమారు కిలోన్నరగా కడతారు. దూరం పెరిగే కొద్దీ ఆ కిలోన్నర తగ్గుతుంది, ఎందుకంటే ఎక్కువసేపు మోసిన బరువు ఎక్కువ దూరం వెనక్కి లాగుతుంది. అంటే రెండు పొడవులకు మూడు కిలోలు, బరువు తేడా ఆరు. మొత్తం తొమ్మిది. మొదటిది రెండోదానికన్నా తొమ్మిది కిలోలు మేలు, పద్దెనిమిది పాయింట్లు. మళ్లీ ఈ రెండూ అదే దూరంలో కలిసినప్పుడు మొదటిదాని మీద 62, రెండోదాని మీద 51 పడిందనుకోండి. తేడా పదకొండు. తొమ్మిది మేలున్నవాడి మీద పదకొండు వేశారు. కాగితం మీద ఓడిన గుర్రం ఈసారి ఒక పొడవుకు పైగా ముందుండాలి. జనం మాత్రం పోయినసారి గెలిచినదాని వెంటే పోతారు. పైసలుండేది ఈ సందులోనే.

గమనించారా, ఈ ఆటలో బరువు వేసేది బలవంతుడి మీద. బయట ఎవరి మీద వేస్తారో మీకూ తెలుసు. పైగా అనుభవం చాలని కుర్ర జాకీ ఎక్కితే బరువు తగ్గిస్తారు. కొన్ని పందేల్లో మగ గుర్రాలతో కలిసి పరుగెత్తే ఆడ గుర్రానికి కిలోన్నర తగ్గిస్తారు. ఏ క్లబ్బులోనూ ఎవరూ లేచి, మెరిట్‌కి అన్యాయం జరిగిందని అరవరు. ఆ తగ్గింపుతో గెలిచిన ఆడ గుర్రాన్ని కోటా గుర్రం అనరు. 2006లో సచార్ కమిటీ మా పరుగును అంకెల్లో పెట్టింది. 2007లో మాలో వెనకబడిన తెగలకు నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. అప్పుడు విన్న మాటలు మేం మర్చిపోలేదు. అన్నవాళ్లలో ఆదివారం ఆడ గుర్రం మీద పందెం కాసినవాళ్లూ ఉండే ఉంటారు.

హ్యాండిక్యాప్‌కి ఒక రోగం ఉంది. ఓడితే బరువు తగ్గుతుంది కాబట్టి కొందరు గుర్రాన్ని కావాలని ఓడిస్తారు. లగాం బిగబట్టి, సరిపడని దూరానికి పంపి, రేటింగు కిందికి దించి, ఒకరోజు వదులుతారు. విచారణలు ఉన్నాయి, శిక్షలు ఉన్నాయి, అయినా చూసే కన్ను ఉండాలి. అందుకే కాగితాన్ని ఒక్కదాన్నే నమ్మేవాడు దివాలా. పోయినసారి ఎక్కినవాడెవడు, ఈసారి ఎక్కేవాడెవడు, దూరం మారిందా, ఎన్నాళ్ల తర్వాత వస్తోంది, ఇవి చూడాలి.

బరువు లెక్క కాకుండా టైము లెక్క ఒకటుంది. 1975లో అమెరికాలో ఆండ్రూ బేయర్ అనే పత్రికా రచయిత దీని మీద పుస్తకం రాశాక లోకమంతా పాకింది. మామూలు బుద్ధితో ఆలోచిస్తే టైము కంటే నిజం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ టైము అబద్ధం చెబుతుంది. వానపడ్డ నేల మీద వేగం తగ్గుతుంది. పందేల రోజున పెనెట్రోమీటర్ అంకె ప్రకటించేది అందుకే. ఇనుప కడ్డీని నేలలోకి దించి ఎంత లోతు దిగిందో చూస్తారు. కాబట్టి ఆ రోజు జరిగిన పందేలన్నీ మామూలు కంటే ఎంత నెమ్మదిగా నడిచాయో ముందు తేల్చి, ఆ నెమ్మదిని నేల ఖాతాలో వేసి, మిగిలిందే గుర్రం ఖాతాలో వేయాలి. బురదలో పరుగెత్తినవాడి టైమును గట్టినేల టైముతో పోల్చకూడదని బేయర్ చెప్పేదాకా ఆగాలా? మా గల్లీలో పుట్టినవాడెవడైనా చెప్పేవాడు.

ఇంతా చేసి అంకె తేలాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఏ గుర్రం గెలుస్తుందన్నది కాదు, దాని ధర సరైనదా అన్నది. 4కి 1 ఇస్తున్నారంటే అయిదింట ఒకసారి గెలుస్తుందని బజారు అనుకుంటోంది, 20 శాతం. మన లెక్కలో 25 వస్తే ఆ గుర్రం చవక. 15 వస్తే ప్రియం, గెలిచినా ప్రియమే. ఒక పందెంలో ఉన్న గుర్రాలన్నింటి ధరల్నీ ఇట్లా శాతాలు చేసి కూడండి. వంద రాదు. పైకి పోతుంది. ఆ పైనున్నది బుకీ కూలి. టోట్ అయితే ముందే కోసుకుని మిగిలింది పంచుతుంది.

ఆ బజారు మూర్ఖం కూడా కాదు. ఫేవరెట్లు దాదాపు మూడింట ఒక పందెం గెలుస్తాయి. జనం మొత్తంగా పొరపడేది ఒక్క చోట. గెలిచే ఆశ లేని 50కి 1 గుర్రం మీద ఎక్కువ పెడతారు. 1949లోనే గ్రిఫిత్ అనే అమెరికన్ సైకాలజిస్టు లెక్కలు తీసి చూపించాడు. చదువుకున్నవాళ్లు దీన్ని తెలివితక్కువ అంటారు. మా గల్లీకి వచ్చి అడగండి. ఆటో నడిపేవాడు వంద పెడతాడు. ఫేవరెట్ గెలిస్తే వందకు ఇంకో వంద. దాంతో అతని బతుకులో ఏం మారుతుంది? అయిదు వేలొస్తే ఫీజు కట్టొచ్చు. లెక్క ప్రకారం అది చెడ్డ పందెమే. అతనికి మంచి పందేలు ఎక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పరు. మా పక్కింటాయన ఆటో అట్లాగే వడ్డీవాడి ఇంటి ముందుకు చేరింది.

రేటింగులతో నిజంగా డబ్బు చేసినవాళ్లున్నారా? ఉన్నారు. హాంకాంగ్‌లో బిల్ బెంటర్ కంప్యూటర్ లెక్కలతో చేశాడు. 1994లో తన పద్ధతి మీద వ్యాసం కూడా అచ్చువేశాడు. అందులో కీలకం, తన అంచనాను జనం ధరతో కలిపి చూసుకోవడం. అంత మేధావి కూడా జనాన్ని కొట్టిపారేయలేదు. కానీ ఆయన వెనక పెద్ద డబ్బు, పెద్ద పందెం బజారు ఉన్నాయి. మన దగ్గర 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం అదృష్టం కాదు, నైపుణ్యం అంది. అబ్బా ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నాడు. అయితే పన్ను దగ్గరికి వచ్చేసరికి అదే నైపుణ్యం లాటరీ పక్కన కూర్చుంది. జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. మీ లెక్క బజారు కంటే పది శాతం మేలనుకోండి, అదే చాలా గొప్ప. ఆ నలభై ముందు అదేం చేస్తుంది?

ఇక ఇంట్లో నానీ ఉండేది. జూదం హరామ్, అందులో రెండో మాట లేదు. అట్లాగని గుర్రాల పరుగు హరామ్ కాదని కూడా ఆమే చెప్పేది. మదీనాలో ప్రవక్త గుర్రాల్ని పరుగెత్తించారని హదీసుల్లో ఉంది. శిక్షణ ఇచ్చి బిగించిన గుర్రాలకు అయిదారు మైళ్ల దూరం, ఇవ్వనివాటికి మైలు దూరం. రెండింటినీ ఒకే గీత మీద నిలబెట్టలేదు. అది వినగానే అబ్బా నవ్వి, చూడండి తరగతులు అప్పుడే ఉన్నాయి అన్నాడు. నానీ నవ్వలేదు. లెక్క కట్టుకో, పైసలు పెట్టకు అంది. ఆయన ఆమె మాట సగం విన్నాడు. ఏ సగమో మా అమ్మీకి తెలుసు.

మేం మొత్తం విన్నాం. నోట్‌బుక్ ఇప్పటికీ రాస్తాం. తేదీ, దూరం, బరువు, ఎన్ని పొడవులు, నేల అంకె. గల్లీ కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని వచ్చి అడిగితే తొమ్మిదికి పదకొండు ఎక్కడ పడిందో చూపిస్తాం, ధర చవకో ప్రియమో చెబుతాం, పన్ను సంగతీ చెబుతాం. శ్రద్ధగా వింటారు. విని, 50కి 1 గుర్రం పేరేమిటి భాయ్ అంటారు.