రాత్రి బడి

సావనీర్‌కి ఏదైనా రాయమని యూనియన్ సెక్రటరీ అడిగితే, పాత విద్యార్థులందరిలాగే క్యాంటీన్ టీ గురించీ హాస్టల్ సాంబారు గురించీ రాద్దామనే కూర్చున్నాను. కాని కలం అటు నడవలేదు.

1990లో ఎన్.ఎస్.ఎస్. తరఫున మేం ఆరుగురం రంగారెడ్డి జిల్లాలో ఒక పల్లెలో రాత్రి బడి నడిపాం. రచ్చకట్ట మీద పెట్రోమాక్స్ లైటు, పలకలు, బలపాలు. దేశాన్ని మేమే ఉద్ధరిస్తున్నామని ఒక ధీమా! వచ్చే పిల్లల్లో పదేళ్ళవాడు ఒకడు ఊరి ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. పొద్దంతా పశువుల వెంట తిరిగి, రాత్రి పలక ముందు కూర్చోగానే తూగేవాడు. నేను చెవి మెలేసి లేపేవాణ్ణి. ఒకనాడు వాళ్ళమ్మ వచ్చి, "సారూ, వీణ్ణి పొద్దటి బడిలనే ఎయ్యరాదా?" అంది.

"ముందు నాలుగక్షరాలు రానీ అమ్మా, తర్వాత చూద్దాం" అన్నాను.

పరీక్షలొచ్చాయి. మా బడి మూతపడింది. ఆ "తర్వాత" మళ్ళీ రాలేదు.

ఆ తల్లి అడిగిందే సరైన మాట అని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది, ఆచార్య శాంతా సిన్హా గారి పని గురించి విన్నాక. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెబుతూనే ఆమె ఇందులోకి దిగారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, 1991 నుంచి అదే రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పని మాన్పించి బడికి పంపడం మొదలుపెట్టింది. ఆమె పట్టుదల ఒక్కటే: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. అలాంటి బిడ్డకు రాత్రి బడి పెట్టడమంటే పగటి చాకిరీకి మనం ఒప్పుకున్నట్టే. పేదవాళ్ళకు చదువు మీద ఆశ లేదన్నది మనబోటి వాళ్ళు అల్లుకున్న మాట.

అయితే పదేళ్ళవాణ్ణి తీసుకెళ్ళి ఒకటో తరగతి పసివాళ్ళ మధ్య కూర్చోబెడితే సిగ్గుతో నాలుగు రోజుల్లో పారిపోతాడు కదా! అందుకే శిబిరాలు పెట్టారు. కొన్ని నెలలు అక్కడే ఉంచి, చదివించి, వయసుకు తగ్గ తరగతిలోకి పంపేవారు. ఇల్లిల్లూ తిరిగి, యజమానులతో వాదించి, బడిలో చేర్చుకోమని హెడ్మాస్టర్లను బతిమాలింది ఎక్కువగా ఆ ఊళ్ళ కుర్రాళ్ళూ అమ్మాయిలే. చాలామంది తమ ఇళ్ళలో తొలిసారి చదువుకున్నవాళ్ళు. (యువజన నాయకత్వం మీద మనం సెమినార్ హాల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నాం!) ప్రభుత్వ టీచర్లు కూడా బాలకార్మిక విమోచన వేదికగా కలిసి వచ్చారు.

2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. 2009 విద్యాహక్కు చట్టంలో బడి మానిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్న నిబంధన చదివినప్పుడు నాకు ఆ రచ్చకట్టే గుర్తొచ్చింది.

ఆ ఏటి మన సావనీర్ ఇంకా నా దగ్గరుంది. అందులో మా రాత్రి బడి ఫొటో అచ్చయింది. ముందు వరసలో నేను నిలబడి నవ్వుతున్నాను. వెనక మూలన, పలక మీద తల వాల్చినవాడు వాడే. కింద "విద్యా వెలుగులు" అని రాసిచ్చింది నేనే.