ఎత్తడం ఒక ఎత్తు, నిలపడం ఒక ఎత్తు

మన పత్రికలో ఆవకాయ పాళ్ళ గురించీ, పిల్లలకు తెలుగు నేర్పడం గురించీ చాలా వ్యాసాలు వచ్చాయి. కారు కింద పని గురించి మాత్రం ఎవరూ రాయలేదు. "ఇదేం విషయమండీ!" అని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఇప్పుడు మన సభ్యుల ఇళ్ళలో చాలా గుమ్మాల ముందు కారుంది. సెలవు రోజున ఇంజను ఆయిలు మార్చడం, బ్రేకు ప్యాడ్లు చూసుకోవడం ఇంట్లోనే చేసుకునే పిల్లలూ ఉన్నారు. అది సంతోషించవలసిన సంగతే. నా బెంగల్లా వాళ్ళు కారు కిందికి దూరే పద్ధతి గురించే.

మా పూర్వులు ముళబాగిలు పక్క పల్లెలో ఎన్నో తరాల కిందట స్థిరపడ్డారు. మా తాతగారికి ఎడ్లబండి ఉండేది. ఇరుసుకు కందెన పూయాలంటే ఇద్దరు మనుషులు బండిని భుజాలతో ఎత్తేవారు. మూడో మనిషి కింద చింతమొద్దు నిలబెట్టేవాడు. బరువు మొద్దు మీద కూర్చున్నాకే చక్రం ఊడదీసేవారు. భుజం ఎత్తడానికి, మొద్దు మోయడానికి అన్నది వారి పద్ధతి. జాకీ వచ్చినా ఆ పద్ధతి మారకూడదు. జాకీ మనిషి భుజం లాంటిది. చింతమొద్దుకు బదులు ఇవాళ ఇనుప స్టాండ్లు దొరుకుతున్నాయి.

2011లో బెంగళూరులో మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒక కుర్రవాడు తన మారుతి 800 ముందు చక్రం ఊడదీసి, ఒక్క జాకీ మీదే బండిని నిలిపి కింద పడుకుని పని చేస్తున్నాడు. వాళ్ళమ్మ కాఫీకి పిలిచింది. బయటికి వచ్చి గ్లాసు అందుకున్నాడో లేదో, బండి గేటు వైపు కదిలింది, జాకీ ఒరిగింది, బ్రేకు భాగం సిమెంటు మీద దబ్బున పడింది. ఆ తల్లి గుమ్మంలోనే కూలబడిపోయింది. ఆ కారు ఖాళీగా సుమారు 650 కిలోలు ఉండే చిన్న బండి. అయినా మనిషి మీద పడితే ఏముంటుంది?

కారణం చిన్నదే. నేల కాస్త వాలుగా ఉంది, వెనక చక్రాలకు అడ్డం ఏమీ పెట్టలేదు. గేరులో పెట్టాం కదా అనుకుంటారు. ముందు చక్రాలు లాగే బండిలో ఆ చక్రాల్లో ఒక్కటి గాలిలోకి లేస్తే గేరుకు పట్టుండదు. హ్యాండ్ బ్రేకు చాలా బండ్లలో వెనక చక్రాలనే పడుతుంది. దాని కేబులు వదులైతే అదీ దక్కదు.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి కొన్న కారు మరీ నేలబారుది. "నాన్నా, జాకీ లోపలికే పోవడం లేదు" అంది. మామూలు ట్రాలీ జాకీ పూర్తిగా దించినా 13, 14 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. బంపరు అంచు అంతకంటే కిందికి ఉంటే ఎలా దూరుతుంది? అలాంటప్పుడు కొందరు జాకీ ఎక్కడ పడితే అక్కడ ఆనిస్తారు. ఇంజను కింది ఆయిలు సంపుకో, పలుచని నేల రేకుకో ఆనిస్తే ఆ భాగం సొట్టపోతుంది, లేదా పగులుతుంది.

"తొందరెందుకమ్మా, ముందు చక్రాలను రెండు చెక్కల మీదికి ఎక్కించు" అన్నాను. టైరు కంటే వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న గట్టి చెక్కలు చాలు. సుమారు 4 సెంటీమీటర్లు లేస్తుంది. అంతకీ చాలకపోతే, తక్కువ ఎత్తులోనే దూరే జాకీలు 8, 9 సెంటీమీటర్లవి ఉన్నాయి. మేము జె.సి. రోడ్డులో అలాంటిదే తెచ్చుకున్నాం.

ఆ రోజు దానికి చెప్పిన వరుస ఇది. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ఎండకు మెత్తబడే తారు మీదా, మట్టి మీదా వద్దు. బండి లేచేకొద్దీ ట్రాలీ జాకీ కాస్త దొర్లాలి. ఇసుకలో చక్రాలు కూరుకుపోతే దాని తల పక్కకు జారుతుంది. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా, ఏటవాలుగా కోసిన చెక్కముక్కలు బిగించాలి. చక్రం ఊడదీయాలంటే నట్లు ఎత్తకముందే కాస్త వదులు చేయాలి. జాకీ ఎక్కడ ఆనించాలో, స్టాండ్లు ఎక్కడ పెట్టాలో బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఎత్తి, స్టాండ్లు పెట్టి, వాటి మీదికి బరువు మెల్లగా దించాలి. ఇటుకలూ, సిమెంటు దిమ్మెలూ పనికిరావు. అవి చెప్పకుండా పగులుతాయి. హైడ్రాలిక్ జాకీ కూడా సీలు అరిగితే నూనె కారి దిగిపోతుంది.

చివరగా, కిందికి దూరకముందే బండిని రెండు చేతులతో గట్టిగా ఊపాలి. కదిలితే అప్పుడే తెలుస్తుంది. ఊడదీసిన చక్రాన్ని పక్క అంచు కింద పడుకోబెడితే అదొక అదనపు ఆసరా. ఇంట్లో ఒకరికి చెప్పాలి, పసిపిల్లలను దూరంగా ఉంచాలి.

"ఇంతా చేస్తే పావుగంట పోతుంది నాన్నా" అంది మా అమ్మాయి. "పోనీలే, పావుగంటే కదా పోయేది" అన్నాను. ఇప్పుడు నేను చెప్పకుండానే చెక్కలు తీస్తుంది. వాళ్ళాయన తొందరపడితే, "ఉండండి, ఇంకా ఊపి చూడలేదు" అంటుంది.

ఈ ఊళ్ళో ఆయుధపూజ నాడు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మనందరికీ అలవాటే. ఆ భక్తి ఉండనివ్వండి. బండి ఎత్తిన రోజు మాత్రం నిమ్మకాయ ఉన్న చోట చెక్కముక్క, జాకీ పక్కన స్టాండు తప్పక ఉండేట్టు చూడండి. వచ్చే పండుగకు మీ పిల్లలకు ఏదైనా కొనిపెట్టాలనుకుంటే ఒక జత స్టాండ్లు కొనిపెట్టమని నా మనవి.