ఆఖరి అధ్యాయం లేని డిటెక్టివ్ నవల

నవలలు రాసేవాళ్లకి ఉచితంగా దొరికేవి రెండు: సలహాలు, కథాంశాలు. సలహాలు మావారు ఇస్తారు. కథాంశాలకి చుట్టాలిళ్లున్నాయి. "మా ఆడపడుచు సంగతి రాస్తే వెయ్యి పేజీలవుతుంది వదినా!" అనని ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు. అందుకే మొన్న వేసవిలో సి.బెళగల్‌లో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, దాని కూతురు నా మంచం మీదికెక్కి, "పెద్దమ్మా, నీకొక నవల చెప్తా, రాస్తావా?" అంటే నేనేం ఆశ్చర్యపోలేదు. షరతులు విన్నాకనే కాస్త కంగారు పడ్డాను. హత్య ఉండగూడదట. ప్రేమ అసలే వద్దట. చదివితే నవ్వు రావాలట. డిటెక్టివ్ మాత్రం ఉండి తీరాలి. ఆ డిటెక్టివ్ తనే!

కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ లెక్కల పుస్తకంలో దాచుకుని చదివినదాన్ని నేను. హత్యలేని అపరాధ పరిశోధన అంటే తిరగమోత లేని పప్పులాగే తోచింది. కానీ నేరమేమిటో విన్నాక పమిటచెంగుతో కళ్లద్దాలు తుడుచుకుని సరిగా కూర్చున్నాను.

ఈ పడమటి కర్నూలు సంగతి ఎరగనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో చాలా పొలాలు వానని నమ్ముకున్నవే. తుంగభద్ర పక్కనే పారుతుంది, నీళ్లు మాత్రం అందరి గట్లూ ఎక్కవు. పత్తి తీత అయిపోయాక చేతిలో పనుండదు. అప్పుడు ఇంటికి తాళం వేసి, మూటా ముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకి పోతారు. దీన్ని ఇక్కడ 'సుగ్గి' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల పండగ. ఇక్కడివాళ్లకి మాత్రం పండగ పొరుగువాళ్లది, కోత వీళ్లది. కొందరు పిల్లల్ని అవ్వల దగ్గర వదిలిపోతారు. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లూ నడిపింది. అయినా తల్లి వెంట పోయే పిల్లలు పోతూనే ఉన్నారు.

మా పిల్ల క్లాసులో ఒకమ్మాయి అట్లా సంక్రాంతి దాటాక వెళ్లి మార్చిలో తిరిగొచ్చింది. ఏ ఊరు, ఏ బడి అని అడక్కండి, చెప్పను. వచ్చిన మర్నాటికే ఆ పిల్లకి 'గుంటూరు' అని పేరు పెట్టేశారు. ఆమె లోపలికి రాగానే ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా వరసగా తుమ్ములు. అటెండెన్సులో ఒకసారి సారుకే నవ్వొచ్చిందట. పక్కన కూర్చునేవాళ్లు లేరు. ఇక ప్రతి సోమవారం పొద్దున బోర్డు మీద ఒక మిరపకాయ బొమ్మ! ఎవరేశారో తెలీదు. ఐదు సోమవారాలు, ఐదు మిరపకాయలు.

"బొమ్మ సగం ఎర్రచాక్‌పీసుతో, సగం తెల్లదాంతో ఉంటాది పెద్దమ్మా. ఎర్రది అయిపోయుంటాది అనుకున్నాం" అంది మా డిటెక్టివ్.

అంతే, మూడు వారాలు అరిగిపోయిన ఎర్రచాక్‌పీసు కోసం వేట. అందరి జామెట్రీ బాక్సులూ వెతికారు. వెతికించుకోనన్నవాడి మీద అనుమానం వేశారు. వాడి బాక్సులో దొరికింది సగం కొరికిన జామకాయ. ఈ పిల్ల ఒక నోటుపుస్తకం పెట్టి అందరికీ మార్కులు కూడా వేసింది: 'లీడరు: ఊరికే నవ్వుతాడు, అనుమానం 60. ఉమ్మడి పెన్సిలు పిల్ల: 35, పాస్.' ఆ పుస్తకం చూసి నాకు భయం వేసింది. అమెరికాలో 1964లో లూయిజ్ ఫిట్జ్‌హ్యూ 'హారియట్ ది స్పై' అని పిల్లల నవల రాసింది. అందులో పిల్ల ఇలాగే స్నేహితుల గురించి పుస్తకంలో రాసుకుంటుంది. అది వాళ్ల చేతిలో పడుతుంది. ఇక చూడండి, క్లాసు క్లాసంతా ఆ పిల్లని వెలేస్తారు! న్యూయార్కైనా తుంగభద్ర ఒడ్డైనా పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లల కోర్టుకి అప్పీలు లేదు. పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాయించాను.

కేసు తేల్చింది నేను కాదు, యుగంధరూ కాదు. మా చెల్లెలింట్లో అంట్లు తోమే ఆమె. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటూ (బజ్జీ లేని ఉగ్గాని ఈ వైపు ఉగ్గానే కాదు) మేం ఆ బొమ్మ ముందేసుకుని తర్కిస్తుంటే ఆమె తొంగిచూసి, "ఇది తాలుకాయ కదమ్మా" అంది. కల్లంలో మిరపకాయలు ఆరబోశాక రంగు పోయి తెల్లబారిన కాయల్ని వేరుగా ఏరి కుప్ప పోస్తారట. అదే తాలు. ధర పలకదు. "ఏరినోళ్లకే తెలుస్తాది. ఊర్లో కూర్చున్నోళ్లకి మిరపకాయంటే ఎర్రగానే కదా!"

మా పిల్ల చేతిలో బజ్జీ అట్లాగే ఉండిపోయింది. ఆ క్లాసులో మిరపకోతకి పోయినవాళ్లు ఇద్దరే. ఒకరు 'గుంటూరు'. రెండోది దీని ప్రాణస్నేహితురాలు. రెండేళ్ల కిందట వేరే బడిలో ఉండగా వెళ్లొచ్చింది. ఆ సంగతి దీనికొక్కదానికే, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని చెప్పింది. అక్కడ తనకేం పేరు పెట్టారో మాత్రం చెప్పలేదు. ఆ పేరు తన వెనకాల ఇక్కడికి రాకుండా, దాన్ని ఇంకొకరికి అంటగట్టింది.

"ఆఖరి అధ్యాయంలో అందర్నీ పిలిచి చెప్పల్లకదా పెద్దమ్మా?" అంది కాసేపటికి, గొంతు తగ్గించి.

అపరాధ పరిశోధన నవలల్లో పద్ధతి అదే మరి. అనుమానితులందర్నీ హాల్లో కూర్చోబెట్టి, డిటెక్టివ్ వేలు చూపిస్తాడు. దొంగ ముఖం పాలిపోతుంది. మనకి ఆ ఘట్టమంటే ఎంతిష్టమో! నలభై మంది ముందు ఒక పద్నాలుగేళ్ల పిల్ల ముఖం పాలిపోవడాన్ని మటుకు నా కలం రాయనంది. తుమ్ములన్నీ ఈ బెంచీ మీంచి ఆ బెంచీ మీదికి మారతాయి, అంతేగా?

నేనేమీ చెప్పలేదు. అదే సాయంత్రం స్నేహితురాలింటికి పోయింది. అరగంటలో తిరిగొచ్చి అన్నం వద్దని పడుకుంది. ఏం మాట్లాడుకున్నారో ఈనాటి వరకూ నాకు చెప్పలేదు.

జూన్‌లో బడి తెరిచారు. చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది: బోర్డు మీద బొమ్మ లేదట. 'గుంటూరు' అన్న పేరు మాత్రం పోలేదట. దీని స్నేహితురాలు దీంతో మాట్లాడటం లేదు. ఇది ఆఖరి బెంచీకి మారి 'గుంటూరు' పక్కన కూర్చుంటోంది. ఆ పిల్లకి నవ్వించడం బాగా వచ్చట, సారు నడక అచ్చంగా నడిచి చూపిస్తుందట.

నా నవల పదకొండో అధ్యాయం దగ్గర ఆగింది. మా డిటెక్టివ్ మొన్న ఫోన్‌లో అడిగింది, పుస్తకం అచ్చయితే డబ్బులు ఎన్ని భాగాలని. రెండనుకుంటున్నానన్నాను.

"మూడు పెద్దమ్మా. తాలుకాయని చెప్పిన ఆమెకియ్యవా?"