తార్ నది ఒడ్డున

అమెరికాలో ఉత్తర కరొలైనా రాష్ట్రమున పర్సన్ కౌంటీలో పుట్టి, ఆగ్నేయముగా 215 మైళ్లు పాఱి, వాషింగ్టన్ అను చిన్న పట్టణము దగ్గఱ పామ్లికో అని పేరు మార్చుకొని ఉప్పునీట గలియు నదికి తార్ అని పేరు. పూర్వము పైను కట్టెను మెల్లగా కాల్చి తీసిన తారును, ఓడపలకల సందులు పూడ్చుటకును మోకులకు పట్టించుటకును, పీపాలకెత్తి యీ నది మీదనే దిగువకు చేరవేసెడివారు గనుక ఆ పేరు వచ్చెనందురు. జన్మస్థానమును నేను చూడలేదు; ఎగువనున్న లూయిస్‌బర్గు పట్టణమును పటములో మాత్రమే చూచితిని. కేరీలో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి యొక ఆదివారమున 64వ నంబరు రహదారి మీద తూర్పునకు తీసికొనిపోగా, నదిని మొట్టమొదట రాకీ మౌంట్‌లో, 1818లో వెలసిన నూలుమిల్లు కడ దర్శించితిని. ఆ మిల్లులో తొలినాళ్ళ చాకిరి బానిసలది. జాజ్ సంగీతమున పేరుమోసిన థెలోనియస్ మంక్ 1917లో ఈ యూరనే పుట్టెను. ఆ సంగతి మా వానికి తెలియదు, ఆ సంగీతము నాకు తెలియదు, కనుక కాఫీ త్రాగి కదలితిమి.

మా గమ్యము ప్రిన్స్‌విల్. 1760లో ఏర్పడిన టార్‌బరో పట్టణము ఒక యొడ్డున మెఱకమీద, చెట్లనీడల నడుమ, నిశ్చింతగా కూర్చున్నది. వంతెన దాటినచో ఆవలి పల్లములో ప్రిన్స్‌విల్. 1865లో అంతర్యుద్ధము ముగియువేళ ఉత్తరసైన్యము ఇక్కడ విడిసియుండగా, చుట్టుపట్ల తోటలనుండి విముక్తులైన బానిసలు ఆ దండు నీడను గుడిసెలు వేసికొనిరి. తమకు స్వేచ్ఛ లభించినదని సైనికుల నోట విన్న దిబ్బకు ఫ్రీడం హిల్, అనగా స్వాతంత్ర్యపు గుట్ట, అని పేరిడిరి. దండు వెడలిపోయెను, జనము మిగిలిరి. ఆ చిత్తడినేల తెల్లదొరలదే యైనను, మునుగునట్టిదియు పైరునకు పనికిరానిదియు గనుక వారిని లేవగొట్టుటకెవ్వరును తొందరపడలేదు. తరువాత ముక్కలుముక్కలుగా వారికే అమ్మిరి.

పగలెల్ల వంతెన దాటి టార్‌బరోలో వంట, ఉతుకు, వడ్రంగము, కూలి. రాత్రికి తమ ఊరు, తమ గుడి, తమ మాట. 1885లో ఆ పల్లె శాసనబద్ధమైన పట్టణమై, టర్నర్ ప్రిన్స్ అను వడ్రంగి పేరు పెట్టుకొనెను. నల్లవారు తమంత తాము స్థాపించుకొని పురపాలకాధికారము పొందిన ఊళ్ళలో ఇదియే తొలిదని చెప్పుదురు. దండనాయకుల పేర్లతోను ధనికుల పేర్లతోను ఊళ్ళు వెలయు లోకములో, ఉలి పట్టినవాని పేరిట వెలసిన ఊరిని నేను చూచుట ఇదే మొదలు. పైగా ఆయన యింటిపేరునకు అర్థము రాజకుమారుడని!

నది మాత్రము తన పూర్వహక్కును మఱవలేదు. 1919, 1940, 1958, ఇట్లు వచ్చి వచ్చి పోయిన పిదప, సైనిక ఇంజనీర్లు 1967 నాటికి సుమారు 3 మైళ్ల గట్టు కట్టిరి. గోదావరి లంకలలో పుట్టి ఏటిగట్టు మీద నడచి బడికి పోయినవాడను గనుక, నా కన్ను గట్టు ఎత్తు మీద నిలువక, దాని చివర యెక్కడ, తూములెక్కడ అని వెదకెను. గట్టు నడుమ బలముగానే యుండును. నీరు దొంగవలె చివరలను, తూములను వెదకికొనును. ఇక్కడను జరిగినది అదియే.

1999 సెప్టెంబరులో, డెన్నిస్ తుపానుచే నానియున్న నేల మీద ఫ్లాయిడ్ తుపాను విఱుచుకొనిపడగా, 19 అడుగులు దాటిననే వరదయని లెక్కించు టార్‌బరో కొలబద్ద కడ నీరు 41 అడుగులు మించెను. ప్రిన్స్‌విల్ ఊరంతయు రోజుల తరబడి నీటియడుగున నుండెను. శ్మశానమునుండి శవపేటికలు లేచి వీధులలో తేలెను. ఆ తుపానులోనే తూర్పు కరొలైనా యందు పందుల పెంపకశాలల మలపుమడుగులు పొంగి వరదలో గలిసెను. వేలకొలది పందులను ఒకచోట పోగుచేసి, వాటి మలమును వరదపల్లములలో నిలువచేయుట వ్యాపారమగుచో, ఆ లాభము గడించువారి పెరటిలోనే ఆ మడుగు త్రవ్వింపవలదా?

ప్రభుత్వము, ఇండ్లు కొందుము లేచిపొండనెను. గట్టునే బాగుచేయుడని పురపాలకులు 3–2 ఓట్లతో తీర్మానించిరి. 2016 అక్టోబరులో మాథ్యూ తుపాను నీరు గట్టు పైనుండి రాలేదు. ప్రక్కనుండి, తలుపులు లేని తూములనుండి వచ్చెను.

“ప్రతిసారీ మునుగుతుంటే వెళ్ళిపోరేం నాన్నా?” అని మా అబ్బాయి అడిగెను.

ఈ ప్రశ్నను ఈ యొడ్డుననే అడుగుదురు. మెఱకనంతయు తమకుంచుకొని పల్లమును మాత్రమే అమ్మినవారెవరని ఆవలి యొడ్డున ఎవ్వరును అడుగరు. తమది యని చెప్పుకొనుటకు దొరికిన నేల అదియొక్కటే యైనవానికి, ఊరు వదలుట యనగా ఇల్లు మార్చుట కాదు. అట్లని వదలినవారిని నేను తప్పుపట్టను: 2010లో 2,082గా నున్న జనసంఖ్య 2020 నాటికి 1,254కు దిగినది. మాథ్యూ తరువాత రాష్ట్రప్రభుత్వము ఊరికి 53 ఎకరముల మెఱకనేల కొనియిచ్చెను. నూటయేబది యేండ్ల తరువాత!

మధ్యాహ్నము గట్టెక్కి చూచితిమి. నది కాఫీరంగున, చప్పుడులేక, పడుకొన్నట్లుండెను.

“వాషింగ్టన్ దాకా పోదామా? అక్కడ సముద్రమంత వెడల్పట” అనెను మా అబ్బాయి.

వలదంటిని. గట్టు క్రింద, స్తంభముల మీదికెత్తిన యొక యింటి వాకిట పెద్దామె యొకతె చేతిలో సరకుల సంచితో మెట్లెక్కుచుండెను. పదునొకండు మెట్లు. సగములో నిలిచి, రొప్పు తీర్చుకొని, మమ్ము చూచి చేయి ఊపెను.