పాట వెనుకనున్నవారు

పాట వినినపుడు పాడినవారి పేరడుగుట మన కలవాటు. వాయించినవారి పేరడుగు అలవాటు మాత్రము లేదు. విందారగించి, వంటయింటి వైపు తొంగిచూడకయే తాంబూలము పుచ్చుకొని వచ్చుట వంటిది.

హైటెక్ సిటీ చెంత, మాదాపురమున, శిల్పారామమున కానుకొని శిల్పకళావేదిక యను రంగశాల కలదు. అది 2002లో వెలసినది. 2,500 మంది కూర్చుండవచ్చును. పగలెల్ల కంప్యూటరుల ముందు గడపు యువతీయువకులు కొందరు ఆ మధ్య అచ్చట పాత చిత్రగీతములు పాడుచున్నారని విని, మావారితోను కుమార్తెతోను మేమును మెట్రో రైలెక్కి పోయితిమి. వేదికపై వయొలినుల వరుస, దాని వెనుక రెండు ట్రంపెట్లు, ఒక శాక్సొఫోను, ఒక క్లారినెట్టు, మూలగా తాళవాద్యములు. పల్లవి ముగిసి వాద్యములు మాత్రమే పలుకు ఘట్టము వచ్చుటయే తడవుగా సభలో ముచ్చట్లు మొదలయ్యెను. చరణ మెత్తుకొనగనే మరల నిశ్శబ్దము. ఆ నడిమి నాదము నింత చక్కగా కూర్చినవాడు మన ముచ్చట్లకు వెసులుబాటు కల్పించుటకై కూర్చెనా?

మా యమ్మాయికి పండ్రెండేండ్లు. దాని చూపు క్లారినెట్టు వాయించునాయన వ్రేళ్ళపైననే నిలిచియుండెను. తిరుగుదారిలో రైలులో, "అమ్మా, నాకు పాట వద్దు. ఆ నల్లని గొట్టము నేర్పించవూ?" అని యడిగెను.

మన పూర్వులు వాద్యకారుల నింత చులకన సేయలేదు. భరతముని వాద్యముల కూటమికి కుతపమని పేరిడి, నాట్యారంభమున వారెట్లు కూర్చుండవలయునో నిర్ణయించెను. పదుమూడవ శతాబ్దిలో దేవగిరియందు సంగీతరత్నాకరము రచించిన శార్ఙ్గదేవుడు, ఉత్తమబృంద మన్నచో ముఖ్యగాయకులు 4, తోడి గాయకులు 8, గాయనులు 12, వేణువాదకులు 4, మార్దంగికులు 4 ఉండవలెనని లెక్కగట్టి చెప్పెను. ఆ లెక్కలో స్త్రీలు పండ్రెండుగురన్న సంగతి మా అత్తగారికి చదివి వినిపించితిమి. ఎందులకో ముందు తెలియును.

ఇట్టి బృందమే అమెరికాలో 1935 మొదలు పదియేండ్లపాటు రాజ్యమేలెను. బిగ్ బ్యాండని దాని పేరు. ఇంచుమించు పదునైదుగురు వాద్యకారులు: శాక్సొఫోనులు, క్లారినెట్లు ఒక జట్టు, ట్రంపెట్లు, ట్రాంబోనులు మరియొక జట్టు, పియానో, గిటారు, పెద్దవీణె వంటి బేసు, డోలులు నడక పట్టి యుంచును. ఒక జట్టు ప్రశ్నించినట్లు పలుకగా రెండవ జట్టు బదులిచ్చును. బుఱ్ఱకథలో కథకునకు వంతలు తందాన పలుకుట వినిన మనకు ఇది క్రొత్త కాదు. 1938 జనవరి 16న బెన్నీ గుడ్మన్ తన క్లారినెట్టుతో న్యూయార్కునందలి కార్నెగీ హాలున, పండితసంగీతమునకు పేరొందిన వేదికపై, ఈ సంగీతమును వినిపించెను. డ్యూక్ ఎల్లింగ్టన్ మరియొక మెట్టు పైవాడు. ఆయన స్వరపత్రములపై వాద్యము పేరునకు బదులు వాయించువాని పేరు వ్రాసెడివాడు; ఫలానివాని ఊపిరికి ఫలాని స్వరమని కూర్చెడివాడు. ఆ మహానుభావుడు 1963లో తన బృందముతో మన దేశమునకును వచ్చి ఢిల్లీ, మద్రాసు మున్నగు నగరములలో వాయించెను.

ఆ వైభవమున కొక దెబ్బ చిత్రముగా తగిలెను. 1942 ఆగస్టులో అచ్చటి వాద్యకారుల సంఘమువారు తమకు న్యాయమైన ప్రతిఫలము కావలెనని రికార్డులకు వాయించుట మానిరి. గాయకులు ఆ సంఘమున చేరినవారు కారు. వారు కోరసులను తోడుపెట్టుకొని పాడుచునే యుండిరి. 1944లో సమ్మె ముగియునప్పటికి జనులు గాయకుని పేరుతోనే పాటను గుర్తించుట కలవాటుపడిరి. యుద్ధము, ఖర్చులు తక్కిన పని చేసెను. తమ హక్కు నడుగుటకు మౌనము వహించినవారిని లోకము ఆ మౌనములోనే మరచుట మాకు మిక్కిలి బాధ కలిగించినది.

మిసిసిపీ రాష్ట్రమున పైనీ వుడ్స్ అను నల్లవారి పాఠశాల కలదు. 1937లో ఆ బడికి ధనము సమకూర్చుటకై బాలికలే యొక బృందమై బయలుదేరిరి. ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథం అని వారి పేరు. ట్రంపెట్టు, ట్రాంబోను, శాక్సొఫోను, డోలు, అన్నియు ఆడువారివే. తరువాత బడిని వీడి స్వతంత్రులై, వర్ణభేదపు చట్టములున్న దక్షిణ రాష్ట్రములలో సైతము బస్సులో తిరిగి వాయించిరి.

ఇక మన సంగతి. 1948లో జెమినీవారు తీసిన చంద్రలేఖకు స్వరములు కూర్చినది మన సాలూరి రాజేశ్వరరావుగారు. ఆ డోలునృత్యమును చూచినవారు మరువలేరు. 1957 నాటి మాయాబజారులో నాలుగు పాటలకు వరసలు రాజేశ్వరరావుగారివనియు, వాద్యములు కూర్చి రికార్డు చేసినది ఘంటసాలవారనియు చెప్పుదురు. అనగా వరస యొకరిది, దానికి చీరకట్టి నగలు పెట్టిన చేయి మరియొకరిది. ఇంతవరకే మనకు తెలియును. వాయించిన చేతులెవరివి? ఆనాడు గాయకులును వాద్యకారులును ఒక్కమారే రికార్డింగు సేయుచుండిరి. ఒక వయొలిను తడబడిన నందరును మొదటికి రావలసినదే. పాట చివరకు తప్పులేక వచ్చినదన్నచో, అందరును తప్పులేక వాయించిరనియే యర్థము. నేడు అపార్టుమెంటు వేడుకలలో కరవోకే ట్రాకు పెట్టి పాడుకొనుచున్నారు. పాడుటకు సుఖమే, ఆ ట్రాకులో మాత్రము మరియొకరి ఊపిరి యుండదు.

మా అమ్మాయి కోరిక విని అత్తగారు, "అమ్మాయీ, ఆడపిల్ల బాకా ఊదుటేమిటమ్మా? రేపు బ్యాండుమేళంలో నడుస్తుందా?" అనిరి. శార్ఙ్గదేవుని పండ్రెండుగురు గాయనులు అక్కరకు రాలేదు. "వారు పాడినారు, ఊదలేదు గదా" అని యామె సమాధానము! న్యాయమే. మిసిసిపీ బాలికల ఛాయాచిత్రము చూపినపిమ్మట మాత్రము కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "అందరూ ఒకేరకం గౌను తొడిగారే" అని యూరకొనిరి. మేము దానిని సమ్మతిగానే గ్రహించితిమి.

ఉపాధ్యాయుని జీతములో క్రొత్తది కొనుట కుదరదు, పాతదొకటి దొరికినది. మా వీధిలో నలువదేండ్లు పెండ్లిండ్లకు క్లారినెట్టు వాయించిన పెద్దాయన నేర్పుచున్నారు. నేడు పెండ్లివారు పెద్దపెట్టెల మ్రోతనే కోరుచున్నారట. ఆయనకు తీరిక చాల. తొలి రెండు వారములు బాతుల కూత. ఇప్పుడు షడ్జమము నిలుచుచున్నది.

చిక్కెల్ల పైయంతస్తువారితోనే. ఆ దంపతులిరువురును హైటెక్ సిటీలో అమెరికా వేళలకు ఉద్యోగము సేయువారు. మన పగలే వారికి రాత్రి. అమెరికా సంగీతము అమెరికా కొలువువారి నిద్ర చెరుచుట మాకు నవ్వు పుట్టించినను, వారికి నవ్వు వచ్చు విషయము కాదు. పోయి మాటలాడి, వేళ నిశ్చయించుకొంటిమి. సాయంకాలము అయిదింటికి వారు లేచి కాఫీ పెట్టుకొందురు. ఆరింటికి క్యాబు వచ్చును. నడిమి గంట మా యమ్మాయిది.